జూమ్ ఉన్న చిన్న కెమెరానా, మిర్రర్‌లెస్సా? ముందు లెన్స్ కంటిపాప కొలవండి

పోయిన మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళయింది. పెళ్ళికి పది రోజుల ముందు పిన్ని కొడుకు కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాడు. స్టూడియో వాళ్ళు ఎలాగూ వస్తారు, కానీ మన ఫొటోలు మనం తీసుకుంటే ఆ సరదానే వేరని వాడి వాదన. అప్పగింతల ఏడుపులు సద్దుమణిగాక, రెండో రోజు మధ్యాహ్నం అందరం లాప్‌టాప్ చుట్టూ చేరాం. జీలకర్ర-బెల్లం పెట్టే ఘడియ ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టాడు. ఒకటి వాడి కెమెరాది, ఇంకోటి బాబాయి ఫోన్‌లో తీసింది. బాబాయి కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఇందులో నాది ఏదిరా?" అన్నాడు.

వాడు కెమెరాకి డెబ్బై వేలు పెట్టాడు. అప్పుడు వాడి ముఖం చూడలేకపోయాను, ఎందుకంటే ఆ సలహా నాదే. "అన్నా, జూమ్ ఉన్న చిన్న కెమెరా కొననా, మిర్రర్‌లెస్ కొననా?" అని వాడు అడిగితే, "మిర్రర్‌లెస్ కొనరా, సెన్సార్ పెద్దది" అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేశాను. సెన్సార్ అంటే లెన్స్ వెనక ఉండి వెలుతురుని ఫొటోగా మార్చే చిప్. చెప్పింది అబద్ధం కాదు. సగమే చెప్పాను. రెండో సగం వాడికి తర్వాత తీరిగ్గా చెప్పాల్సి వచ్చింది.

ముందు ఈ రెండు రకాలేమిటో చూద్దాం. కాంపాక్ట్ జూమ్ అంటే లెన్స్ కెమెరాకే అతికి ఉంటుంది. స్విచ్ నొక్కితే మూతి ముందుకు సాగుతుంది, ఆపితే లోపలికి ముడుచుకుంటుంది. ప్యాంటు జేబులోనో హ్యాండ్‌బ్యాగ్‌లోనో పడుతుంది. మిర్రర్‌లెస్ అంటే డీఎస్‌ఎల్‌ఆర్ అనే పాత పెద్ద కెమెరాల్లో ఉండే అద్దాన్ని తీసేసి, బాడీని చిన్నది చేసి, లెన్స్ మార్చుకునే వీలు మాత్రం ఉంచింది. 2008లో పానసోనిక్ జీ1తో ఈ తరహా జనంలోకి వచ్చింది. ఇప్పుడు కేనన్ ఆర్50, నికాన్ జెడ్50-2, సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటివి మొదటి మెట్టు మిర్రర్‌లెస్‌లు.

ఈ రెండింటికీ ఉమ్మడి శత్రువు ఫోన్. 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీలు దాటాయి. అందులో సింహభాగం జేబు కెమెరాలే. 2023కి ఆ సంఖ్య 77 లక్షలకు పడిపోయింది, అందులో లెన్స్ అతికిన కెమెరాలు 17 లక్షలు. ఫోన్ చేయగలిగిన పని చేసే కెమెరాలన్నీ పోయాయి. చేయలేనిది ఏదో ఒకటి చేసేవే మిగిలాయి. కొనే ముందు మీరూ ఈ లెక్కే వేసుకోవాలి. మీ ఫోన్ చేయలేని ఏ పని కోసం ఇంత డబ్బు పెడుతున్నారు?

సెన్సార్ సంగతి, ఒక్కసారి

అందరూ సెన్సార్ గురించే మాట్లాడతారు కాబట్టి అది ముందు తేల్చేద్దాం. చవక కాంపాక్ట్ జూమ్‌లలో ఉండే సెన్సార్ పొడవు 6.2 మిల్లీమీటర్లు, వెడల్పు 4.6 మిల్లీమీటర్లు. అంటే వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. సోనీ ఆర్‌ఎక్స్100, పానసోనిక్ టీజెడ్200 లాంటి ఖరీదైన కాంపాక్ట్‌లలో 'ఒక అంగుళం' సెన్సార్ ఉంటుంది. పేరు చూసి మోసపోకండి, అది అంగుళం కాదు. 13.2 బై 8.8 మిల్లీమీటర్లు, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. వెనకటి టీవీ కెమెరాల్లో వాడిన గాజు గొట్టాల కొలత నుంచి వచ్చిన పేరు అది, అలాగే ఉండిపోయింది. కేనన్ మొదటి మెట్టు మిర్రర్‌లెస్‌లోని సెన్సార్ (ఈ సైజు పేరు ఏపీఎస్-సీ) దాదాపు 330. సోనీ, నికాన్‌లవి ఇంకాస్త పెద్దవి.

ఇందులో ఒక చేదు నిజం ఉంది. ఇప్పుడొచ్చే ఖరీదైన ఫోన్ల మెయిన్ కెమెరా సెన్సార్, చవక కాంపాక్ట్ సెన్సార్ కంటే చాలా పెద్దది. కొన్ని ఫోన్లలో అయితే ఆ 'ఒక అంగుళం' సెన్సారే వచ్చేసింది. కాబట్టి 30 రెట్లు, 40 రెట్లు జూమ్ అని రాసి ఉన్న చవక కాంపాక్ట్‌తో జూమ్ చేయకుండా ఇంట్లో ఫొటో తీస్తే, అది మీ ఫోన్ ముందు నిలబడదు. దాన్ని కొనాల్సింది జూమ్ కోసమే.

అంతవరకూ సరే. మరి 330 చదరపు మిల్లీమీటర్ల సెన్సార్ ఉన్న మావాడి కెమెరా, బాబాయి ఫోన్ ముందు ఎందుకు తేలిపోయింది?

ఆవగింజ నుంచి పది రూపాయల బిళ్ళ దాకా

మున్సిపాలిటీ నీళ్ళు అరగంటే వస్తాయనుకోండి. కుళాయి కింద చెంబు పెట్టారా, గంగాళం పెట్టారా అన్నది తర్వాత సంగతి. ఆ అరగంటలో ఎన్ని నీళ్ళు పడతాయో చెప్పేది కుళాయి మూతి. సన్నధార కింద గంగాళం పెడితే అడుగు తడుస్తుంది, అంతే. సెన్సార్ గంగాళం. కుళాయి లెన్సు.

లెన్స్ మూతి ఎంతో కొలవడం తేలిక. లెన్స్ అంచు మీద రెండు రకాల అంకెలు చెక్కి ఉంటాయి. ఒకటి మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, రెండోది ఎఫ్ నంబర్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది లెన్స్ కంటిపాప వెడల్పు. మన కంటిపాప లాంటిదే, వెలుతురు లోపలికి వెళ్ళే గుమ్మం. బాక్స్ మీద పెద్ద అక్షరాలతో రాసే 24-360 లాంటి అంకెలు ఫుల్‌ఫ్రేమ్‌తో, అంటే పాత ఫిల్ము రీలు సైజు పెద్ద సెన్సార్‌తో, పోల్చి చెప్పేవి. ఈ లెక్కకి అవి పనికిరావు, లెన్స్ మీద చెక్కిన అసలు అంకెలే తీసుకోవాలి.

మావాడు కొన్న కేనన్ ఆర్50తో పాటు వచ్చే కిట్ లెన్స్ 18-45, ఎఫ్ 4.5 నుంచి 6.3. జూమ్ చేయనప్పుడు 18ని 4.5తో భాగిస్తే పాప 4 మిల్లీమీటర్లు. పూర్తిగా జూమ్ చేస్తే 45ని 6.3తో భాగించాలి, 7 మిల్లీమీటర్లు. అంటే పెసరగింజతో మొదలై బఠాణీ గింజతో ఆగింది. ఖరీదైన ఫోన్ల మెయిన్ కెమెరా పాప కూడా 4 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. దానికి తోడు ఫోన్ ఒక్క నొక్కుకి చాలా ఫొటోలు తీసి, వాటన్నిటినీ కలిపి మచ్చలు తుడిచేస్తుంది. పెళ్ళి మండపంలో జూమ్ చేయకుండా తీస్తే ఇలాంటి కిట్ లెన్స్ ఫోన్ కంటే పెద్దగా ఎక్కువ వెలుతురు పట్టలేదు. బాబాయికి తేడా కనపడకపోవడంలో ఆయన కళ్ళ తప్పేమీ లేదు.

ఇంకో వింత చూడండి. సోనీ ఆర్‌ఎక్స్100 మూడో మోడల్ 2014లో వచ్చింది. జేబులో పట్టే కాంపాక్ట్. దాని లెన్స్ 8.8-25.7, ఎఫ్ 1.8 నుంచి 2.8. భాగించి చూడండి. ఒక చివర 4.9 మిల్లీమీటర్లు, రెండో చివర 9.2. అంటే కాబూలీ శనగ. ఇంచుమించు అంతే జూమ్ పరిధిలో, ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన ఆ మిర్రర్‌లెస్ కిట్ లెన్స్ కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ వెలుతురు తాగుతుంది. కొత్త కెమెరా ఫోకస్ చాలా చురుకు, మనిషి కంటిని పట్టుకుని వదలదు. ఆ విషయంలో పోలికే లేదు. కానీ వెలుతురు లెక్కలో మాత్రం చిన్నదే గెలిచింది.

అయితే చిన్న కెమెరా గెలుపు కూడా అన్ని మోడళ్ళకీ వర్తించదు. జేబు సైజులోనే ఉండాలి, జూమ్ మాత్రం పెంచాలి అంటే ఎక్కడో ఒకచోట కోత పడాల్సిందే. అదే ఆర్‌ఎక్స్100లో ఏడో మోడల్ 2019లో వచ్చింది. బాక్స్ మీది అంకెల్లో చెప్పాలంటే, మూడో మోడల్‌తో పోలిస్తే జూమ్ 70 నుంచి 200కి పెరిగింది, జూమ్ చేయని చోట పాప 4.9 నుంచి 3.2కి చిక్కిపోయింది. 360 దాకా వెళ్ళే పానసోనిక్ టీజెడ్200కి 2.7. 720 దాకా వెళ్ళే టీజెడ్99 సెన్సారే చిన్నది, దాని పాప 1.3 మిల్లీమీటర్లు. ఆవగింజ. జూమ్ అంకె పెద్దదయ్యే కొద్దీ ఇంట్లో తీసే ఫొటో చీకటవుతుందన్న సంగతి బాక్స్ మీద ఎవరూ రాయరు.

ఇప్పుడు అదే ఆర్50కి కిట్ లెన్స్ తీసేసి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ పెట్టండి. 160 గ్రాములు, అరచేతిలో పట్టే వస్తువు. 50ని 1.8తో భాగిస్తే 28 మిల్లీమీటర్లు. పది రూపాయల బిళ్ళ 27. బఠాణీ ఎక్కడ, పది రూపాయల బిళ్ళ ఎక్కడ. ఫంక్షన్ హాల్లో కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచుకునే సెట్టింగ్, పెరిగే కొద్దీ ఫొటోలో మచ్చలూ పెరుగుతాయి) 6400 పెడితే గానీ రాని ఫొటో, ఇక్కడ 500 దగ్గరే వచ్చేస్తుంది. పట్టుచీర జరీ జరీలా కనిపించడానికీ, పసుపు పూసిన గోనెసంచిలా కనిపించడానికీ తేడా అక్కడుంది.

వెనకభాగం బ్లర్ అవడం కూడా ఈ పాప చేతిలోనే ఉంది. పెళ్ళికూతురి ముఖం మీద ఫోకస్ పెట్టారనుకోండి. ఎక్కడో దూరాన వెలిగే సీరియల్ బల్బు ఒక్కొక్కటీ ఫొటోలో గుండ్రటి వెలుగుబిళ్ళ అవుతుంది. ఆ బిళ్ళ ఎంత పెద్దదంటే, ఆవిడ చెంప పక్కన లెన్స్ పాపంత వస్తువు పట్టుకుంటే ఎంత కనిపిస్తుందో అంత. జూమ్ ఎంతున్నా, సెన్సార్ ఏదైనా ఇదే లెక్క. టీజెడ్99ని జూమ్ చేయకుండా వాడితే చెంప పక్కన ఆవగింజ, ఆర్50 కిట్ లెన్స్‌ని చివరిదాకా జూమ్ చేస్తే బఠాణీ, 50 ఎఫ్ 1.8తో అయితే పది రూపాయల బిళ్ళ. స్టూడియో ఫొటోల్లో కనిపించే 'ఆ లుక్' అంటే ఇదే. మావాడు డెబ్బై వేలకి కొన్నాననుకున్నది దీన్ని. బాక్సులో వచ్చింది బఠాణీ గింజ.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 50 లెన్స్‌కి జూమ్ ఉండదు. తాళి కట్టే సమయానికి బంధువులంతా మండపం మీద తోసుకుంటుంటే మీకు దొరికే చోటు పెళ్ళిపీటలకి రెండు మీటర్లు. అక్కడ నుంచి ఈ లెన్స్‌లో మీటరు వెడల్పు కూడా పట్టదు. ఇద్దరూ నిండుగా పట్టరు, చుట్టూ ఉన్నవాళ్ళు అసలే రారు. వెనక్కి జరుగుదామంటే వెనక మేనత్త నిలబడి ఉంటుంది. అలాంటి చోట జూమ్ కాంపాక్ట్ పట్టుకున్న మనిషి, నిలబడ్డ చోటు నుంచి కదలకుండా మొత్తం మండపం ఒకటి, మూడుముళ్ళు ఒకటి, అవతల కళ్ళు తుడుచుకుంటున్న పెళ్ళికూతురి తండ్రి ఒకటి తీసేసుకుంటాడు. లెన్స్ మార్చాలంటే అర నిమిషం. తాళి కట్టడానికి పట్టేది అంతకంటే తక్కువ.

ఆటపాకలో గూడబాతులు

పెళ్ళిళ్ళు ఏడాదికి నాలుగో ఐదో. చాలామంది జూమ్ అడిగేది పిట్టల కోసం, పిల్లల స్కూల్ స్టేజీ కోసం. ఇక్కడ లెక్క వేరు.

'30 రెట్ల జూమ్' అన్నది ఎంత దగ్గరికి తెస్తుందో చెప్పదు. చిన్న చివరని పెద్ద చివర ఎన్ని రెట్లో మాత్రమే చెబుతుంది. 24 నుంచి 720 దాకా అంటే 30 రెట్లు. 200 నుంచి 800 దాకా అంటే 4 రెట్లే, కానీ అది ఇంకా దూరం చూస్తుంది. అందుకే రెట్లు వదిలేసి, చివరి అంకె చూడాలి. ఫుల్‌ఫ్రేమ్ పోలిక ఇక్కడ పనికొస్తుంది.

కొల్లేటి ఒడ్డున కైకలూరు దగ్గర ఆటపాక ఉంది. చలికాలంలో అక్కడ పెలికాన్‌లు, అదే మన గూడబాతులు, గుంపులుగా గూళ్ళు కడతాయి. ఒక్కో పక్షి మీటరుంపావుకు తక్కువ ఉండదు. మీకూ పక్షికీ మధ్య 100 మీటర్ల నీళ్ళున్నాయనుకోండి. కిట్ లెన్స్ చివర, అంటే ఫుల్‌ఫ్రేమ్ పోలికలో 72 దగ్గర, ఫ్రేమ్‌లో 50 మీటర్ల వెడల్పు పడుతుంది. పక్షి చుక్కంత. 200 దగ్గర 18 మీటర్లు. ఆర్50కి 55-210 లెన్స్ తగిలిస్తే 336తో సమానం, 11 మీటర్లు. 720 దగ్గర 5 మీటర్లు, అంటే పక్షి ఫ్రేమ్‌లో నాలుగో వంతు నింపుతుంది. నికాన్ పీ1000 అని 2018లో ఒక భారీ కెమెరా వచ్చింది, 3000 దాకా వెళుతుంది. అందులో పడే వెడల్పు 1.2 మీటర్లు. పక్షి ఒక్కటే, అది కూడా ఇరుగ్గా.

మరి 3000 ఉన్నది కొంటే పోలేదా? దాని బరువు కిలో నాలుగు వందల గ్రాములు. ఇక అది కాంపాక్టే కాదు, మెడకి వేలాడే తంబూరా. పైగా మధ్యాహ్నం ఎండలో నీటి మీద గాలి వణుకుతుంటుంది. అంత జూమ్‌లో పక్షి పొయ్యి మీద ఆవిరి వెనక ఉన్నట్టు కనిపిస్తుంది. ఏ లెన్స్ కొన్నా ఆ గాలి మారదు. పొద్దున్నే ఏడింటికి వెళ్ళడమే మందు.

ఇక్కడా పాపలు కొలుద్దాం. టీజెడ్99 పాప 720 దగ్గర 20 మిల్లీమీటర్లు, కొత్త రూపాయి బిళ్ళ. ఆర్50 మీద 55-210 చివర 30. నికాన్ జెడ్50-2 మీద 50-250 చివర 40. సోనీ ఆర్‌ఎక్స్10 నాలుగో మోడల్, 2017లో వచ్చిన కిలో పైన బరువున్న అతికిన లెన్స్ కెమెరా, 600 దగ్గర 55. పీ1000కి 67, సరిగ్గా గల్లీ క్రికెట్ టెన్నిస్ బంతి. ఎండ బాగా ఉంటే రూపాయి బిళ్ళంత పాప చాలు. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న లకుముకి పిట్టని టీజెడ్99 లాంటిది ముచ్చటగా తీస్తుంది. కానీ పక్షి రెక్క విప్పిందా, సెకనులో వెయ్యో వంతు షట్టర్ కావాలి. ఆ చిన్న సెన్సార్ ఐఎస్‌ఓ పెంచుకుంటుంది, ఈకల గీతలన్నీ నూనె రాసినట్టు కలిసిపోతాయి. సాయంత్రం ఐదున్నర దాటాక ఆశ వదులుకోవచ్చు. ఎగిరే పిట్టని ఫోకస్ వెంబడించడం కూడా చవకరకం కాంపాక్ట్‌ల వల్ల కాదు. ఆర్‌ఎక్స్100 ఏడో మోడల్, ఆర్‌ఎక్స్10 నాలుగో మోడల్ లాంటివి ఆ పని చేస్తాయి, వాటి ధరలో మిర్రర్‌లెస్‌తో పాటు రెండు లెన్స్‌లు వస్తాయి.

ఇంకో చిన్న విషయం, కొనేటప్పుడు ఎవరికీ గుర్తురాదు. వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ. టీజెడ్99కి లేదు. నికాన్ జెడ్30కి, సోనీ జెడ్‌వీ-ఈ10కి కూడా లేదు. ఎర్రటి ఎండలో వెనక స్క్రీన్ మీద మన ముఖం తప్ప ఏమీ కనపడదు. 720 జూమ్‌తో, చేతులు చాపి, కనపడని స్క్రీన్‌లో పిట్టని వెతకడం అంటే కళ్ళకు గంతలు కట్టుకుని ఉట్టి కొట్టడమే. కంటికి ఆనించుకుంటే చేతులు కూడా వణకవు. పిట్టల కోసం కొనేవాళ్ళు వ్యూఫైండర్ లేనిది అసలు చూడొద్దు.

అన్నట్టు గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చెరువు మధ్య చెట్ల మీదే పక్షులు కిక్కిరిసి ఉంటాయి, ఒడ్డుకి బాగా దగ్గర. అక్కడ 200, 300 ఉన్నా చాలు. జూమ్ ఎంత కావాలన్నది మీరు వెళ్ళే చెరువు మీద కూడా ఆధారపడుతుంది.

ఇసుక, బూజు, దుమ్ము

నా దగ్గర ఒకప్పుడు జూమ్ కాంపాక్ట్ ఉండేది. భీమిలి బీచ్‌లో తువ్వాలు మీద పెట్టి సముద్రంలో దిగాను. వచ్చి స్విచ్ నొక్కితే లెన్స్ సగం దాకా వచ్చి 'కర్‌ర్' మని ఆగిపోయింది. స్క్రీన్ మీద 'లెన్స్ ఎర్రర్'. మూతి గొట్టాల మధ్య నాలుగు ఇసుక రేణువులు, అంతే. బాగు చేయించడానికి చెప్పిన ఖర్చు కెమెరా ధరలో సగానికి దగ్గర. అల్మారాలో పెట్టేశాను, ఇప్పటికీ మూతి సగం తెరుచుకునే ఉంది.

ముందుకీ వెనక్కీ సాగే లెన్స్ ప్రతిసారీ కాస్త గాలి పీలుస్తుంది, గాలితో పాటు దుమ్ము. ఏడాది రెండేళ్ళకి ఫొటోల్లో ఆకాశం మీద ఒకే చోట బూడిద మచ్చ కనపడడం మొదలవుతుంది. అది సెన్సార్ మీద కూర్చున్న దుమ్ము. మనం తుడవలేం, మొత్తం విప్పాల్సిందే. మిర్రర్‌లెస్‌లో దుమ్ము ఇంకా తేలిగ్గా పడుతుంది, లెన్స్ మార్చిన ప్రతిసారీ లోపల నోరు తెరుచుకునే ఉంటుంది కదా. కానీ రబ్బరు బ్లోయర్‌తో నాలుగుసార్లు ఊదితే చాలావరకు పోతుంది. లెన్స్ పాడైతే ఆ లెన్స్ వరకే నష్టం, బాడీ బతికే ఉంటుంది.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉండేవాళ్ళకి ఇంకో బెడద, లెన్స్‌కి ఫంగస్ పట్టడం. లెదర్ కేసులో పెట్టి బీరువాలో దాస్తే గాజు మీద సాలెగూడు లాంటి బూజు వస్తుంది. గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు ఉంటే చాలు. రెండు రకాల కెమెరాలకీ ఇదే మందు.

రెండో లెన్స్ ఎవరిది?

మావాడితో చివరికి నేను అన్నది ఇది. మిర్రర్‌లెస్ బాడీ కొనడం అంటే ఇంటికి పునాది వేయడం. పునాది మీద పడుకుని వానొస్తోందని ఏడిస్తే లాభం లేదు. కిట్ లెన్స్ తప్ప ఇంకోటి కొనే ఉద్దేశం లేకపోతే, ఆ డబ్బుకి ఒక అంగుళం సెన్సార్ కాంపాక్ట్ మేలు. సెకండ్‌హ్యాండ్‌లో మంచిది దొరికితే ఇంకా మేలు. కానీ ఆరు నెలల్లోనో ఏడాదిలోనో ఒక్క లెన్స్ చేరుస్తానంటే కాంపాక్ట్ ఇక దాన్ని అందుకోలేదు.

అందుకే షాపులో బాడీల ఫీచర్లు పోల్చుకుంటూ నిలబడకుండా, ఆ బాడీకి ఏ లెన్స్‌లు దొరుకుతాయో చూడాలి. సోనీకి బయటి కంపెనీల లెన్స్‌లు చాలాకాలంగా విరివిగా ఉన్నాయి. నికాన్ జెడ్‌కి సిగ్మా చిన్న లెన్స్‌లు 2023లో వచ్చాయి. కేనన్ తన ఆర్ఎఫ్ (లెన్స్ తగిలించే అమరిక) తలుపు సిగ్మాకి, టామ్రాన్‌కి తెరిచింది 2024లో. సిగ్మా 18-50 ఎఫ్ 2.8 సోనీకీ, కేనన్‌కీ దొరుకుతుంది, దాని పాప చివర 18 మిల్లీమీటర్లు. 50 ఎఫ్ 1.8 లెన్స్ అంత కాదు, కానీ జూమ్ ఉంది, బరువు 300 గ్రాములు. పెళ్ళి మండపంలో మేనత్త ముందు ఇరుక్కున్నవాడికి నేనైతే ఇదే ఇస్తాను.

లెన్స్‌లు మార్చడం చిరాకు, కానీ మిర్రర్‌లెస్సే కావాలి అనే జాతి కూడా ఉంది. వాళ్ళకి కేనన్‌లో 18-150, నికాన్‌లో 18-140 అనే లెన్స్‌లు ఉన్నాయి. ఒకసారి తగిలించి మర్చిపోవచ్చు. ఆర్50తో కలిపి 700 గ్రాముల లోపు. జేబులో పట్టదు, కానీ రామప్ప గుడికో గండికోటకో వెళితే శిల్పం దగ్గర నుంచి లోయ అవతలి ఒడ్డు దాకా అన్నీ దాంతోనే తీయొచ్చు. అసలు జేబులో పట్టడం అంత ముఖ్యమా అంటే, కొందరికి చాలా ముఖ్యం. పెద్ద కెమెరా ఇంట్లో వదిలేసి ఫోన్‌తో వెళ్ళే రోజులు ఎన్నో నాకు తెలుసు. అన్నట్టు పార్కుల్లో, జూల్లో పెద్ద కెమెరా కనపడితే వేరే టికెట్ అడుగుతారు, చిన్నదాన్ని చాలాసార్లు ఎవరూ పట్టించుకోరు.

ఇక మన ఇళ్ళల్లో తప్పని ప్రశ్న: "అమెరికా నుంచి బావ తెస్తాడు, అక్కడ చవకట కదా?" చవకే కావచ్చు. కానీ కెమెరా వారంటీ సాధారణంగా కొన్న దేశానికే. ఇక్కడ పాడైతే మొదటి రోజు నుంచే చేతి డబ్బులు. జపాన్ నుంచి వచ్చే సోనీ కెమెరాల్లో చాలావాటికి మెనూ జపనీస్ భాషలోనే ఉంటుంది, మార్చే దారి ఉండదు. కొనేవాళ్ళు ఇది ముందే చూసుకోవాలి. అమెరికా నుంచి తెచ్చిన దాంతో వీడియో తీస్తే ట్యూబ్‌లైట్ల కింద నల్ల చారలు పాకుతుంటాయి. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మెనూలో వీడియో పద్ధతిని మన దేశపు పద్ధతి అయిన పాల్ (PAL)కి మార్చి, షట్టర్ 50లో ఒక వంతో 100లో ఒక వంతో పెట్టుకుంటే పోతాయి. ఫంక్షన్ హాల్లో ఫొటోలకి కూడా ఈ అంకెలే శ్రీరామరక్ష.

ఏది కొనాలో తేలకపోతే, నేను ఇప్పుడు అందరిచేతా ఒక పని చేయిస్తున్నాను. ఫోన్ గ్యాలరీ తెరిచి పోయిన ఏడాది ఫొటోలు వెనక్కి తిప్పుతూ వెళ్ళండి. 'అబ్బా, ఇది బాగా రాలేదే' అనుకున్నవాటిని మాత్రం పక్కన పెట్టండి. స్టేజీ మీద పిల్ల చుక్కలా ఉండడం, చెట్టు మీద పిట్ట మసకగా ఉండడం, పాపికొండల లాంచీలోంచి అవతలి ఒడ్డు అందకపోవడం, ఇలాంటివి ఎక్కువైతే మీ కొరత దూరం. పగటి వెలుతుర్లోనే తిరిగేవాళ్ళకి జూమ్ కాంపాక్ట్ హాయి. ఇంట్లో సాయంత్రం తీసినవి, పుట్టినరోజు కొవ్వొత్తుల ముందు తీసినవి, పరిగెత్తే చంటిపిల్లవాడివి ఎక్కువైతే మీ కొరత వెలుతురు. దానికి మిర్రర్‌లెస్, రెండో లెన్స్‌తో సహా. మా ఆఫీసులో ఒకావిడ ఇలా చూసుకుని, పక్కన పెట్టడానికి పది ఫొటోలు కూడా దొరకలేదని చెప్పింది. ఆవిడ ఏమీ కొనలేదు, ఆ డబ్బుతో అండమాన్ వెళ్ళొచ్చింది.

మావాడు చివరికి 50 లెన్స్ కొన్నాడు. ఆషాఢానికి చెల్లెలు పుట్టింటికి వచ్చింది. ఒక రాత్రి భోజనాలయ్యాక హాల్లో ట్యూబ్‌లైట్ కింద కూర్చుని గోరింటాకు పెట్టించుకుంటుంటే, వంటింటి గుమ్మం దగ్గర నుంచి తీశాడు. చేతి మీద తడి గోరింటాకు మెరుస్తోంది, ఒక కనురెప్ప వెంట్రుక కూడా లెక్కపెట్టొచ్చు. వెనక ఇల్లంతా మెత్తగా కరిగిపోయింది. ఫొటో బాబాయి చేతికిచ్చి, ఈసారి ఏమంటాడా అని ఇద్దరం చూస్తున్నాం.

ఆయన కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూశాడు. "బాగుంది గానీ, వెనక మన కొత్త ఫ్రిజ్ ఏదిరా?" అన్నాడు.